తల పట్టని తెర

మా ఆయన వగ్దీ ముప్పై ఏళ్ల పాటు టీవీ సీరియళ్లలో నిలబడ్డాడు. నటించాడు అనడానికి నాకు నోరు రాదు, ఆయనకీ వచ్చేది కాదు. పాత కాలపు దొర పాషా కుర్చీలో కూర్చుంటే వెనక కాపలావాడిగానో, జడ్జి తీర్పు చెబుతుంటే తలుపు దగ్గర బంట్రోతుగానో నిలబడేవాడు, అంతే. పొద్దున్నే ఇమాదుద్దీన్ వీధిలో కేఫ్ ముందు కూర్చునేవాడు. ఎక్‌స్ట్రాల మేస్త్రీ వచ్చి వేలు చూపిస్తే ఆ రోజు పని ఉన్నట్టు, లేకపోతే టీ తాగి ఇంటికొచ్చినట్టు. మనిషి ఆరడుగుల పైన రెండంగుళాలు. "వెనక్కి జరగవయ్యా, నీ టోపీ ఫ్రేములో పట్టి చావట్లేదు" అని కెమెరావాళ్లు విసుక్కునేవాళ్లట. కొన్ని రోజులు మాత్రం గుమ్మంలోనే నన్ను పేరు పెట్టి పిలిచి, "ఇన్‌సాఫ్, ఇవాళ తార్బూష్ టోపీ మొత్తం పట్టింది, పైన రెండు వేళ్ల ఖాళీ కూడా ఉంది" అని చెప్పి, ఎంతో సంపాదించుకొచ్చినవాడిలా చెప్పులు విడిచేవాడు.

అన్నేళ్లలో ఆయన కెమెరా ముందు నోరు విప్పింది ఒక్కసారే. ఒక పాషా కుటుంబం సీరియల్లో, పదిహేడో భాగంలో, "బండి సిద్ధంగా ఉంది, పాషా గారూ" అన్నాడు. ఆ ముక్క కోసం వారం రోజులు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న నన్ను పాషాని చేసి ప్రాణం తీశాడు.

ఆయన పోయి నాలుగేళ్లయింది. పాత సీరియళ్లు వేసే చానల్‌వాళ్లు చివరిసారి వేసిన పదకొండేళ్లకి మళ్లీ ఆ సీరియల్ మొదలుపెట్టారు. లెక్క చూస్తే పదిహేడో భాగం శుక్రవారం సాయంత్రం ఐదింటికి పడింది. సరిగ్గా ఆ ముందు వారమే మా పాత డబ్బా టీవీ ఒక తెల్ల గీత గీసి కన్ను మూసింది. సందు చివర రిపేరు చేసేవాడు మూత కూడా విప్పలేదు. "దీనికి పిక్చర్ ట్యూబు ఇప్పుడెక్కడ దొరుకుతుంది, పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యండి" అన్నాడు. ఫోన్లో దొరుకుతుందేమో అని పై అంతస్తు పిల్లని అడిగాను. అది వెతికి వెతికి మొదటి రెండు భాగాలే దొరికాయంది. ఇంకో పదకొండేళ్లు ఆగడానికి నాకు అరవై ఎనిమిది నిండాయి.

గురువారం మా అబ్బాయి షెహాబ్‌ని వెంటబెట్టుకుని టీవీ దుకాణాలుండే అబ్దుల్ అజీజ్ వీధికి వెళ్లాను. షెహాబ్‌కి ముప్పై నాలుగు, ఇంకా పెళ్లి కాలేదు. వాడికి ఫోను రావడంతో బయటే ఉండిపోయాడు, నేను దుకాణంలోకి నడిచాను. గోడ నిండా తెరలు. అన్నింట్లోనూ ఒకటే చిలక, ఒకటే తేనె ధార. చిలక ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. ముసలాయన ఒకడు కుర్చీలోంచి లేచాడు, పేరు ఫర్గలీ అట.

"ఈ చిలకని చూసి ఏం చేసుకోను బాబూ? డిష్ వైరు తగిలించి పాత సీరియళ్ల చానల్ పెట్టు" అన్నాను.

పెద్దామెనని హాజ్జా అంటూ ఆయన నవ్వాడు. "పొద్దున్నుంచి ఇంతమంది వచ్చారు హాజ్జా, ఆ మాట అడిగినవాళ్లు మీరే. మీరు అడగకపోతే నేనూ చెప్పను, బేరం పాడవుతుంది."

పెద్ద తెర మీద చానల్ పెట్టాడు. ఎవరో హీరోయిన్ ఏడుస్తోంది. ఏడుపు వినిపిస్తోంది కానీ కన్నెక్కడో ముక్కెక్కడో తెలియదు, తడి గుడ్డతో తుడిచిన పలకలా ఉంది.

"పాత బొమ్మలో ఉన్న పిండి అంతే హాజ్జా. పీట పెద్దదైతే రొట్టె పెద్దదవదు, పల్చబడి చిరుగుతుంది" అంటూ నన్ను మూలకి తీసుకెళ్లి ఒక చిన్న తెర చూపించాడు. ముప్పై రెండు అంగుళాలు. అదే హీరోయిన్, ఇప్పుడు కళ్లకింద కాటుక కారడం కూడా తెలుస్తోంది. "మీరు చూసేది ఇదే అయితే ఇంతకన్నా పెద్దది వద్దు. ఇంకోటి, పాత బొమ్మ పలక ఆకారం, ఈ తెరలు బల్ల ఆకారం. అటూ ఇటూ నల్లగా వదిలేస్తేనే బొమ్మ సవ్యంగా ఉంటుంది. తెర నింపాలని చూస్తే మనుషులు లావైనా అవుతారు, తలలైనా తెగుతాయి. ఈ బటన్ చూడండి. ముఖం మామూలుగా కనపడేదాకా నొక్కండి, అక్కడ ఆగండి."

నాలుగుసార్లు నాచేత నొక్కించాడు. నాకు వచ్చేసింది. ఇదే కట్టించమన్నాను.

అప్పుడొచ్చాడు మావాడు.

"ఇదేంటమ్మా, అద్దం కొంటున్నావా, టీవీయా?"

"మీ నాన్న ముఖం ఇందులో తెలుస్తుందిరా."

వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "రేపు సంబంధానికి లుబ్నా వాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. హాల్లో ఈ అగ్గిపెట్టె పెడితే నవ్వుతారు. గోడ నిండాలి." ఫర్గలీ వైపు తిరిగి, "ఆ యాభై ఐదు అంగుళాలది కట్టండి" అన్నాడు.

ఫర్గలీ నా వైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. డబ్బు వాడిది, పెళ్లి వాడిది, నాది ఒక్క వాక్యం.

శుక్రవారం నమాజు నుంచి రాగానే వాడు టీవీ బిగించడానికి గోడ చూశాడు. ఏడాదిలో పదిసార్లు కూడా తలుపు తెరవని ఆ హాల్లో, బంగారు రంగు కుర్చీల మీద ప్లాస్టిక్ తొడుగులు కూడా తీయని ఆ హాల్లో, వాడికి వగ్దీ ఫొటో ఉన్న గోడే దొరికింది. తార్బూష్, ఇత్తడి బొత్తాలు, నవ్వు. దాన్ని తీసి బీరువాలో నా బట్టలపెట్టె వెనక్కి తోశాడు.

"ఎందుకురా?"

"నాన్న నీటిపారుదల శాఖలో ఇంజనీరని చెప్పానమ్మా వాళ్లకి."

"ఇంజనీరా? ఏ కాలవ తవ్వాడని చెప్పావురా? నైలు నదికి గట్టు కూడా ఆయనే కట్టాడని చెప్పకపోయావా!"

వాడు అరవలేదు, అరిచినా బాగుండేది. మంచం అంచున కూలబడి, "పోయినసారి సంబంధం ఎందుకు పోయింది? పగటి వేషగాడి కొడుక్కి పిల్లనివ్వం అన్నారు. నీ ముందే అన్నారు. ఈసారైనా నోరు కట్టుకో అమ్మా" అన్నాడు.

"అబద్ధం మాత్రం నా నోట రాదు. అడగకపోతే మాట్లాడను" అన్నాను. అది చాలన్నాడు.

నాలుగింటికి వచ్చారు. లుబ్నా, వాళ్ల నాన్న హాజీ సఫ్వత్, వాళ్లమ్మ మాదామ్ ఇగ్లాల్. బస్‌బూసా మిఠాయి ముక్కలు పంచాను. హాజీ గారు మాత్రం కూర్చున్న దగ్గర్నుంచీ తెరనే చూస్తున్నాడు. ఐదవుతుండగా నేను రిమోట్ తీసుకుని, ఏమీ ఎరగనిదానిలా, "ఐదింటికి ఒక సీరియల్ ఉంది, చూద్దాం" అంటూ చానల్ మార్చాను. షెహాబ్ తింటున్న ముక్క పళ్లెంలో పెట్టేశాడు.

బొమ్మ పలక ఆకారంలోనే వచ్చింది, అటూ ఇటూ నలుపు.

"అదేంటి, ఇంత తెర కొని సగం ఖాళీగా వదిలేశారు?" అన్నాడు హాజీ గారు. "డబ్బిచ్చి కొన్నది మూలమూలా వాడుకోవాలిగా."

షెహాబ్ చటుక్కున నా చేతిలోంచి రిమోట్ లాక్కుని నొక్కాడు. బొమ్మ గోడ నిండిపోయింది. హాజీ గారు, "ఆఁ, ఇదీ టీవీ అంటే" అన్నాడు. మావాడు గర్వంగా రిమోట్ బల్ల మీద పెట్టాడు.

పదిహేడో భాగం మొదలైంది. పాషా కుర్చీలో కూర్చున్నాడు, గోడంత పాషా. వెనక ఒక కోటు నిలబడి ఉంది. ఇత్తడి బొత్తాలున్నాయి, తెల్ల తొడుగులు వేసుకున్న చేతులున్నాయి. మెడ దగ్గరికొచ్చేసరికి తెర అయిపోయింది.

ఆయన తల పట్టలేదు.

తల లేని ఆ కోటులోంచి వగ్దీ గొంతు వచ్చింది. "బండి సిద్ధంగా ఉంది, పాషా గారూ." వంటింట్లో విన్న గొంతే, ఆ 'పాషా' దగ్గర కాస్త సాగదీయడం కూడా అదే. పాషా లేవకుండా కాఫీ తాగుతున్నాడు. ఇంకా టైముంది. అతిథులూ మర్యాదా నాకేమీ గుర్తులేవు, రిమోట్ అందుకుని నొక్కాను. అందరూ పొట్టిగా లావుగా అయ్యారు. లుబ్నా పక్కుమంది. మళ్లీ నొక్కాను.

నలుపు అటూ ఇటూ వచ్చి నిలబడింది. మధ్యలో ఆయన, పాదాల నుంచి తార్బూష్ దాకా, పైన రెండు వేళ్ల ఖాళీతో సహా. ముఖం మసకగానే ఉంది, ఇంత పెద్ద పీట మీద పల్చబడిపోయింది. అయినా ఆయనే. ముప్పై ఐదేళ్ల వగ్దీ నా వైపే చూస్తున్నాడు.

"అరే!" అంది మాదామ్ ఇగ్లాల్. "ఆ వెనకవాడు అచ్చం మన షెహాబ్‌లా లేడూ? ఆ గడ్డం నొక్కు చూడండి, ఆ నిలబడడం చూడండి! ఏమయ్యా, మీవాడా ఏంటి?"

అందరూ నవ్వారు. షెహాబ్ కూడా నవ్వాడు.

"ఎవరో పూటకూటి ఎక్‌స్ట్రా గాడండీ. వాణ్ని మాకంటగడతారేంటి" అన్నాడు.

అని నా వైపు చూశాడు. వాడికి పదేళ్లప్పుడు, నాన్న టీవీలో కనిపించగానే సందులో పిల్లలందర్నీ లాక్కొచ్చి ఇదే ముఖాన్ని వేలితో చూపించినవాడు. ఇప్పుడా కళ్లలో నీళ్లున్నాయి, భయం ఉంది. మాదామ్ ఇగ్లాల్ కూడా నా వైపే తిరిగింది. "మీరు చెప్పండి షెహాబ్ వాళ్లమ్మా, పోలిక లేదూ?"

అడిగారు. అడగకపోతే కదా మాట్లాడనన్నాను.

"లేకేం, ఉంది" అన్నాను. "ఒకే పోలికతో దేవుడు నలభై మందిని పుట్టిస్తాడంటారుగా."

"నిజమే, నిజమే" అంది ఆవిడ, ఇంకో బస్‌బూసా ముక్క తీసుకుంటూ.

పాషా లేచాడు. వగ్దీ ఆయన వెనకే తలుపు వైపు తిరిగాడు. షెహాబ్ నా చేతిలోంచి రిమోట్ మెల్లగా తీసుకుని, బొమ్మని మళ్లీ గోడంత చేశాడు. ఈసారి వదిలేశాను. తల లేని మనిషి తలుపు దాటి వెళ్లిపోయాడు, నేను లేచి వాళ్లకి టీ పెట్టాను.