కాపలావాడి సోది

ఆ నాటకకర్త మీద నాకు ఒళ్లుమంట. పోయి రెండు వందల ఏళ్లయినా మనిషి నోరు మూయడు. మూడు గంటల నాటకాన్ని కాలేజీ వార్షికోత్సవానికి గంటన్నరకు కుదించమని మాస్టారు నాకు అప్పగించినప్పుడు, పాత కక్ష తీర్చుకునే వీలు దొరికిందనుకున్నాను. ఇది సరిగ్గా చేస్తే వచ్చే ఏడాది నాటకం నన్నే ఆడించమన్నారు.

మూడో అంకంలో రాణి హత్య చేసి వెళ్లిపోతుంది. వెంటనే కోట కాపలావాడొకడు వచ్చి, మోకాళ్ల నొప్పి గురించి, పెళ్లాం గయ్యాళితనం గురించి రెండు పేజీల సోది చెబుతాడు. కథకూ దానికీ బొత్తిగా సంబంధం లేదు. కొట్టేసి, ఆ వేషమే తీసేశాను.

రిహార్సల్స్ అన్నీ మామూలు బట్టల్లోనే జరిగాయి. ప్రదర్శన రోజు పొద్దున వేషాల బట్టలు వచ్చాక గాని అసలు సంగతి తెలియలేదు. రాణి వేషం వేసే సీనియర్ అక్క పట్టుబట్టలతో లోపలికి వెళ్లి, నగలన్నీ తీసేసి నల్లబట్టల్లో తిరిగి రావాలి.

"ఒసేయ్, వీపున పద్దెనిమిది హుక్కులున్నాయి! నేనేమన్నా మంత్రగత్తెనా? మార్చుకోవడానికి టైమేదే?"

"ఆ టైము పుస్తకంలో ఉండేదమ్మా. మీ చెల్లెమ్మే కొట్టేసింది," అన్నారు మాస్టారు తాపీగా.

అక్క బట్టలు మార్చుకుంటుంటే నేను కాపలావాడి మాటలు పైకి చదివాను. ఆఖరి మాటకు ఆఖరి హుక్కు పడింది. నమ్మలేక అక్క చేత మళ్లీ మార్పించి, మళ్లీ చదివాను. మళ్లీ అంతే.

ఇక నన్ను ఆపేవాళ్లు లేరు. నేను కొట్టేసిన ప్రతి ముక్కా తీసి, ఆ సమయంలో తెర వెనక ఎవరేం చేస్తుంటారో చూశాను. అడవి వర్ణన సాగినంతసేపు సింహాసనం మోసుకెళ్తారు. దూత ఆయాసపడుతుంటే యువరాజు కత్తి కట్టుకుంటాడు. ఈయన గదిలో కూర్చుని రాసిన మనిషి కాడు, తెర వెనక నిలబడి చెమటలు కక్కినవాడు. నాకు సిగ్గేసింది.

కాపలావాడి మాటలు చదివినదాన్ని నేనొక్కదాన్నే. మీసం నాకే అతికించారు.

మధ్యాహ్నం ప్రదర్శనలో రెండు పేజీలూ అప్పజెప్పేశాను. ఒక్క వాక్యం మిగిలింది. తెర వెనక నుంచి అక్క ఏడుపు గొంతు వినిపించింది: "హుక్కు పట్టేసిందే, ఇంకాస్త ఆగు!" వచ్చే ఏడాది నాటకం గాల్లో కలిసిపోయిందనుకుంటూ ఆ మిగిలిన వాక్యం అనేశాను.

"ఏం చెప్పానో నాకే గుర్తులేదు బాబులూ, మొదటినుంచీ చెప్పనా?"

"చెప్పు, చెప్పు!" అని హాలంతా అరిచింది.

ఏదో ఒక రోజు ఒక హుక్కు పట్టేస్తుందని ఆ నాటకకర్తకు తెలుసు. మీసం చాటున ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే, మళ్లీ మోకాళ్ల నొప్పి దగ్గర మొదలుపెట్టాను.