పదింటికి వచ్చే వైకుంఠం

రోజూ పొద్దున పదింటికి వైకుంఠం వచ్చేవాడు. చచ్చిపోయి పద్నాలుగు నెలలైనా డ్యూటీ టైము తప్పలేదు. బతికున్నప్పుడు కూడా ఇంత నిక్కచ్చిగా ఉండేవాడు కాదు. ఉప్పుగూడలో ఎల్లప్పది రెండు గదుల ఇల్లు. వైకుంఠం వచ్చి మంచం కాళ్ల దగ్గర కూర్చుని, సున్నం వేసి నలిపిన తంబాకు అరచేతిలో పెట్టుకుని, చెయ్యి చాపేవాడు. మాట్లాడేవాడు కాదు. తిట్టేవాడూ కాదు. తిడితే ఎల్లప్ప ప్రాణానికి ఎంతో హాయిగా ఉండేది.

ఇద్దరూ రైల్వేలో ట్రాక్‌మన్లు. పందొమ్మిదేళ్లు ఒకే గ్యాంగులో పట్టాల కింద కంకర ఎగదోశారు. రైలు బండి వైకుంఠాన్ని కొట్టేసిన రోజు నుంచి ఎల్లప్పకు నిద్ర లేదు. కుక్కర్ కూత వేస్తే మంచం కిందికి దూరేవాడు. పట్టాల దిక్కు వెళ్లడం మాట అటుంచి, ఆ వైపు కిటికీ కూడా తెరవనిచ్చేవాడు కాదు. భార్య రాజమణి తాయెత్తు కట్టించింది, నిమ్మకాయలు తిప్పి పారేసింది. చివరికి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎనిమిది నెలలు మాత్రలు మింగాడు. ఒళ్లు వచ్చింది గానీ వైకుంఠం రావడం మానలేదు.

అప్పుడు డాక్టర్ సాయిప్రియ కెటమిన్ సంగతి చెప్పింది.

"మీకున్న జబ్బును పీటీఎస్‌డీ అంటారు ఎల్లప్ప గారూ. భయంకరమైనది చూసిన మనసు అక్కడే ఇరుక్కుపోతుంది. ఇది ఆపరేషన్లకు ఇచ్చే మత్తుమందే. తక్కువ డోసులో, నలభై నిమిషాలు డ్రిప్ పెడతాం. మాత్రలకు లొంగనివాళ్లలో కొందరికి పనిచేస్తోంది. అందరికీ కాదు. ఎన్నాళ్లు నిలుస్తుందో కూడా గట్టిగా చెప్పలేను."

ఎల్లప్ప తల వంచుకుని అడిగాడు. "మత్తుల మనిషి కడుపుల ఉన్నదంతా కక్కుతడంట గద మేడం?"

"ఇది నిజం చెప్పించే సూది కాదు" అంది డాక్టర్. "మీరు చెప్పొద్దనుకున్నది మీ దగ్గరే ఉంటుంది."

రాజమణి నవ్వింది. "ఈయన దగ్గర చెప్పనిది ఏముంటది మేడం, అమాయక మనిషి."

ఎల్లప్ప దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. ఎందుకంటే చెప్పనిది ఉంది.

ఆ రోజు గ్యాంగుకు కాపలా ఎల్లప్పే. జెండాలు, ఈల పట్టుకుని దూరంగా నిలబడి, బండి వస్తుంటే ఈల ఊదాలి. ఊదగానే అందరూ పట్టాల గట్టు మీదికి పోవాలని రూలు. కానీ అక్కడ గట్టంతా మురికి కాలువ. అందుకని ఏళ్ల తరబడి పక్క లైను మీదికి జరిగి నిలబడటం అలవాటు. పదింటికి వైకుంఠం భార్యతో ఫోనులో మాట్లాడుతూనే తంబాకు నలిపాడు. ఫోను జేబులో వేసుకుని, ఎప్పట్లాగే అందులో సగం ఎల్లప్పకిచ్చి పనిలోకి పోయాడు. అంతలో అప్ లైనులో బండి కనిపించింది. ఎల్లప్ప ఈల ఊదాడు. అందరూ పక్కనున్న డౌన్ లైను మీదికి జరిగారు. ఇక పని అయిపోయిందనుకుని తంబాకు పెదవి కింద పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక చూస్తే, మలుపులో డౌన్ బండి.

ఈల నోట్లో పెట్టి ఊదాడు. ఉమ్మి వచ్చింది, తంబాకు వచ్చింది, ఈల రాలేదు. మొదటి బండి రొదలో రెండోదాని హారన్ వినిపించకపోయినా, మిగతావాళ్లు చూసి దూకేశారు. వైకుంఠం అటు తిరిగి వంగి ఉన్నాడు.

విచారణలో సార్లు, "ఈల ఊదినవా?" అని అడిగారు. "ఊదిన సార్" అన్నాడు. ఆ రొదలో ఒక్క ఈలా రెండు ఈలలా అన్నది ఎవరూ పట్టించుకోలేదు. పట్టాల పక్కన వైకుంఠం ఫోను దొరికింది. చివరి కాల్ భార్య యాదమ్మది. ఫోనులో పడి ఈల వినలేదని కాగితం మీద రాసేశారు. బస్తీ అంతా అదే మాట. చనిపోయినవాడు వచ్చి కాదనడు కదా.

డ్రిప్ పెట్టిన కాసేపటికి కాళ్లు తనవి కావనిపించింది. ఫ్యాను చప్పుడు ఎంతో దూరం నుంచి వస్తోంది. తర్వాత పట్టాలు కనిపించాయి, కానీ రోజూ చూసే చోటి నుంచి కాదు. సిగ్నల్ స్తంభం ఎక్కి కూర్చున్నట్టు పైనుంచి. కింద జెండాలు చంకలో పెట్టుకుని ఒక మనిషి ఈల ఊదుతున్నాడు. బుగ్గలు పొంగుతున్నాయి, గడ్డం మీద తంబాకు రసం కారుతోంది. ఇన్నాళ్లూ ఎల్లప్ప ఆ మనిషిని రాక్షసుడనుకున్నాడు. తీరా చూస్తే భయంతో వణికిపోతున్న వట్టి మనిషి. వాడి మీద జాలేసింది. అవతల వంగి ఉన్న వైకుంఠం మాత్రం ఇటు తిరగలేదు.

మెలకువ వచ్చాక వాంతి చేసుకున్నాడు. రెండో డ్రిప్పుకు వాంతి లేదు. మూడోదాని తర్వాత ఆరు గంటలు ఒక్క పెట్టున నిద్రపోయాడు. రాజమణి పక్కన కూర్చుని, ఊపిరి ఆడుతోందా అని రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

మర్నాడు పది అయింది. వైకుంఠం రాలేదు. పదింబావు అయింది. ఎల్లప్ప మంచం కింద చూశాడు, తలుపు వెనక చూశాడు. సున్నం వాసన కోసం గాలి పీల్చాడు. ఏమీ లేదు. పద్నాలుగు నెలల్లో అంత భయం ఎన్నడూ వేయలేదు. వాడు వచ్చి కూర్చున్నంతకాలం శిక్ష పడుతున్నట్టే ఉండేది. ఇప్పుడు శిక్షా లేదు, నేరం మాత్రం ఉంది. అది ఇంకెవరి నెత్తిమీదో ఉందని కూడా అప్పుడే గుర్తొచ్చింది. రాజమణికి చెప్పకుండా చెప్పులేసుకుని దబీర్‌పురా నడిచాడు.

యాదమ్మ గడపలో కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. "పానం మంచిగైందా బావా?" అంటూ చాప వేసింది. ఎల్లప్ప కూర్చోలేదు.

"యాదమ్మా, గా దినం నీతోని మాట్లాడి ఫోన్ జేబుల ఏసుకున్నంకనే నాకు తంబాకు ఇచ్చిండు. నీ ఫోన్‌కు, దానికి ఏం సంబంధం లేదు. రెండో బండికి నేను ఈల ఊదలె. ఊదరాలె. నోట్ల తంబాకుండె."

సూది గుడ్డలోనే ఆగిపోయింది.

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"గా దినం నుంచే."

"పదకొండో దినం నా బిడ్డ సోనీ నన్ను అందరి ముంగట అన్నది" అంది యాదమ్మ. గొంతు పెంచలేదు. "రేషన్ కార్డు కోసం ఫోన్ చేసి నాయినను చంపినవ్ అన్నది. నువ్వు గీడనే కూసున్నవ్ బావా. బువ్వ తిన్నవ్."

నిజమే, తిన్నాడు. రెండోసారి పప్పు కూడా పోయించుకున్నాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. అది ఎవరికి చెబితే పోతుందో మాత్రం ఏ పెద్దమనిషీ చెప్పి చావలేదు.

"దిల్‌సుఖ్‌నగర్‌ల హాస్టల్‌ల ఉంటది. ఏడాది దాటింది, సోనీ నా ఫోన్ ఎత్తక" అంది యాదమ్మ. "సూదితోని నీ పానం తేలికైంది, మంచిది. నాకు చెప్తే ఏమొస్తది? నేను ఏడ్చి, చాయ్ పోసి నిన్ను సాగదోలాల్నా? దానికి చెప్పు. ఇప్పుడే, నా ముంగటనే. నీ ఫోన్ అయితే ఎత్తుతది. రేపు ఆఫీసుల కూడ చెప్పు, కాయితం మీద."

ఉద్యోగం గుర్తొచ్చింది. రాజమణి గుర్తొచ్చింది. ఫోను తీసి నొక్కి, యాదమ్మకు కూడా వినబడేట్టు పెట్టాడు. రెండో రింగుకే ఎత్తింది.

"పెదనాయినా, ఎట్లున్నవ్? నిద్ర పడ్తుందా?" సోనీ గొంతులో ఎంత ప్రేమో. "నాయిన కోసం గింత బాధపడ్డోడివి నువ్వొక్కనివే. ఐతారం వచ్చి చూస్త నిన్ను."

బిడ్డ గొంతు వినగానే యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తనను అంత ప్రేమగా పిలిచే గొంతు ఈ లోకంలో ఇంకొకటి లేదని ఎల్లప్పకు తెలుసు. అయినా చెప్పాడు. ఈల సంగతి, తంబాకు సంగతి, ఫోను ఎప్పుడు పెట్టేశాడో ఆ సంగతి, ఏదీ దాచకుండా, యాదమ్మకు చెప్పినట్టే చెప్పాడు. మీ అమ్మ పక్కనే ఉన్నదని కూడా అన్నాడు.

అవతల హాస్టల్లో ఎవరో బకెట్ లాగుతున్న చప్పుడు వచ్చింది.

"ఫోన్ అమ్మకియ్యి" అంది సోనీ. పెదనాయినా అనలేదు.