రెండు చుట్లు రావాలి

నేను ఒక ఏప్రాన్‌ని. భీమవరం పక్కన ఒక రొయ్యల ఫ్యాక్టరీలో ఆడవాళ్లు మెడలో వేసుకుని నడుముకు కట్టుకునే తెల్లటి ప్లాస్టిక్ ఏప్రాన్‌ని. ఏదో ఊళ్లో, ఏదో షెడ్డులో, వేడి మిషన్ కింద అంచులు అతికించి నన్ను తయారుచేశారు. వెచ్చదనం చూడడం అదే మొదలు, అదే ఆఖరు. తర్వాతంతా ఐసు నీళ్లే.

నా తాడు పొడుగు. నడుము చుట్టూ రెండు చుట్లు తిప్పి ముందు ముడి వేయాలని సూపర్‌వైజర్ శేషగిరి పెట్టిన రూలు. తాడు వేలాడితే ప్రమాదమంటాడు. అసలు సంగతి వేరు. ఎవరి తాడు రెండో చుట్టుకు అందడం లేదో పొద్దున్నే లైన్లో చూసుకుంటాడు. డాక్టరమ్మ కన్నా ముందు ఆయనకే తెలిసిపోతుంది. మహా ఘనుడు.

నన్ను మొదట కట్టుకున్న మనిషి నూకరత్నం. ఆమె భర్త వీర్రాజు అక్కడే లారీలకు లోడు ఎత్తుతాడు. కడుపుతో ఉన్న మనిషిని పనిలోంచి తీయకూడదని, కాన్పుకు జీతంతో సెలవు ఇవ్వాలని గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంది. దానికి ఆనించి సైకిళ్లు పెడతారు. నూకరత్నం సైకిళ్ల సందులోంచి అది చదివింది. ఆ సెలవు అందేదాకా పనిలో నిలబడాలి, అంతే ఆమె ఆశ. పాత లంగా బొందు నా తాడుకు కలిపి కుట్టి నెట్టుకొచ్చింది.

వీర్రాజు మాత్రం సంతోషం పట్టలేక లోడింగ్ దగ్గర కాజాలు పంచాడు. శేషగిరి రెండు తిన్నాడు. బాధ్యత పెరిగిందిగా అని వీర్రాజును పర్మనెంట్ చేయిస్తానని మాటిచ్చాడు. చేతులు తుడుచుకుని నేరుగా మా లైన్లోకి వచ్చి, నా తాడుకున్న కుట్టు పట్టుకుని చూశాడు.

"నీ మంచికే చెబుతున్నానమ్మా. ఈ ఐసులో ఎలా నిలబడతావు? రేపట్నించి రాకు."

"బిడ్డ ఇద్దరిదీ కదండీ," అంది నూకరత్నం. "ఆయన పని గట్టిపడి, నా పని పోద్దేటండీ?"

మగాడు ఇల్లు గడపాలి కదా అన్నాడాయన. కాన్పు దాకా ఉంచమని ఆమె చేతులు జోడించింది, కాళ్లు పట్టుకోబోయింది. బోర్డు మీది మాట ఎత్తింది. ఆయన పక్క లైన్లోకి వెళ్లిపోయాడు. వీర్రాజు ఖాళీ పొట్లం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె ముడి విప్పుతుంటే నా కింద బిడ్డ కదిలింది. నాకు ఏడుపు వచ్చింది, కానీ ప్లాస్టిక్ మీద నీళ్లు ఎవరు పట్టించుకుంటారు?

కుట్టు విప్పి, కడిగి, నన్ను కుమారి అనే కొత్తమ్మాయికి ఇచ్చారు. పిల్లల్ని ఎప్పుడు కంటావని శేషగిరి ఆమెనడిగాడు. ఆ రోజే చేరిన లోడింగ్ కుర్రాళ్లను ఎవరూ అడగలేదు. ఇప్పుడప్పుడే లేదండి అంది కుమారి.

ఊపిరి బిగబట్టి నన్ను రెండు చుట్లు తిప్పింది. ముడి అందీ అందకుండా పడింది. శేషగిరి చూసి ముందుకెళ్లాడు. ఆమె మెల్లగా ఊపిరి వదిలింది. ముడి కింద ఏదో కదిలింది. అది నేనెరిగిన కదలికే. ముడి దాటి మిగిలిన తాడు చూస్తే బెత్తెడు కూడా లేదు.