పసుపు పేలిక

సిరాజ్ తుర్కిస్తానీ మంగలి దుకాణం ఉన్నచోట ఇప్పుడు నలభై అంతస్తుల హోటల్ ఉంది. గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టి, ఖాళీ చేసి పొమ్మన్నారు. యాత్రికుల కోసమేనట! ఆ గుమ్మం తొక్కే స్తోమత ఎందరు యాత్రికులకు ఉందో అడిగినవాడు లేడు. సరే, గోడ కూల్చారు. ఆ గోడ పక్క కుర్చీలో ద్రిస్సా కూర్చున్న సాయంత్రాన్ని ఏ యంత్రం పెట్టి కూలుస్తారు?

ఆ ఏడు మక్కాలో ముస్లిం దేశాల ఆటల పోటీలు జరిగాయి. మర్నాడు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందనగా, ఆఫ్రికాలోని మాలి దేశపు జట్టు కాబాకు ప్రదక్షిణలు చేసి, ఉమ్రా యాత్ర ముగించుకుని, ఒంటి మీది తెల్లగుడ్డలతోనే సిరాజ్ దుకాణానికి వచ్చిపడింది. ఉమ్రా అయ్యాక మగవాడు గుండైనా చేయించుకోవాలి, జుట్టు కాస్తయినా కత్తిరించుకోవాలి. రెండూ చెల్లుతాయి. కానీ గుండుకు మూడింతల దీవెన. అందుకని సిరాజ్ ఎవరినీ అడిగేవాడు కాదు. కుర్చీ ఎక్కితే గీసేయడమే.

వరసగా తొమ్మిది గుండ్లు లేచాయి. పదోవాడు ద్రిస్సా. భుజాల దాకా సన్నజడలు. నడిచి నడిచి అలసిపోయి కుర్చీలోనే కునుకు తీశాడు. కళ్లు తెరిచేసరికి జడలన్నీ నేల మీద ఉన్నాయి.

"ఏం చేశావు చాచా?" మదర్సాలో నేర్చిన అరబీలో గొల్లుమన్నాడు ద్రిస్సా. "కొస కత్తిరిస్తే చాలని చెబుదామనుకున్నానే!"

"మూడింతల దీవెన ఇప్పించాను. ఏడుస్తావేంటిరా?"

"మా అమ్మకు కళ్లలో పొరలు. టీవీలో నన్ను జడలు చూసే గుర్తుపడుతుంది. రేపు ఇంతమంది గుండ్లలో నేనెవరినని వెతుక్కుంటుంది? నేను దేశం తరఫున ఆడే మొదటి మ్యాచ్ చాచా ఇది!"

సిరాజ్ చేతిలో కత్తి ఆగిపోయింది. పక్క కొట్లో సోబియా షర్బత్ అమ్మే జమీల్ వాకిట్లోంచి తల పెట్టాడు. "దీవెనలు నీ ఇంట్లో పంచుకో సిరాజూ! అడిగితే నోరు అరుగుతుందా?"

సిరాజ్ కత్తి పక్కన పెట్టాడు. మేకుకు తగిలించిన తన తండ్రి తలపాగా తీశాడు. పసుపు దారంతో పువ్వులు కుట్టిన మక్కా తలపాగా. పండగకు తప్ప తాకనిది. పళ్లతో అంచు కొరికి, జానెడు వెడల్పు పేలిక చర్రున చించాడు. "చేతికి కట్టుకో. పద, మీ అమ్మకు ఫోన్ చేద్దాం. పసుపు గుడ్డవాడే నీ కొడుకని చెబుదాం."

మర్నాడు దుకాణం మూసి సిరాజ్ స్టేడియంలో కూర్చున్నాడు. ఆట మొదలవకముందే రిఫరీ ద్రిస్సా చేయి పట్టుకుని, పేలిక విప్పమన్నాడు. ద్రిస్సా దాన్ని మేజోడులో కుక్కుకున్నాడు. తొంభై నిమిషాలూ సిరాజ్‌కు బంతి కనపడలేదు. ఎక్కడో మాలిలోని బమాకోలో టీవీకి ముక్కు ఆనించి, గుండ్ల మధ్య కొడుకును వెతుక్కుంటున్న ముసలమ్మే కనపడింది.

మాలి ఓడింది. ఓడినవాడి వైపు కెమెరా ఎప్పుడు తిరిగింది గనక? అన్నీ గెలిచిన జట్టు నాయకుడి చుట్టూ మూగాయి. అతను మైకులో ఏదో చెబుతున్నాడు. సరిగ్గా అతని భుజం వెనకాల ఒక గుండు లేచింది. ద్రిస్సా! మేజోడులోంచి పేలిక లాగి, తాపీగా, అద్దం ముందు నిలబడ్డట్టు తలకు చుట్టుకున్నాడు. నెట్టేస్తే ఇటు నుంచి అటు వచ్చి మళ్లీ నిలబడ్డాడు. సిరాజ్ బెంచీ ఎక్కి అరిచాడు. చుట్టుపక్కలవాళ్లు ఇతనికి మతిపోయిందనుకున్నారు.

తెల్లారి ద్రిస్సా దుకాణానికి వచ్చాడు.

"చూసిందా?" సిరాజ్ గుమ్మం దాకా ఎదురొచ్చాడు.

"చూసింది చాచా. ఏడ్చింది. తర్వాత, నా బిడ్డకు గుండు కొట్టినవాడి చేతులు పడిపోనూ అంది."

జమీల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ పూట ముగ్గురూ జమీల్ సోబియా కడుపునిండా తాగారు. జమీల్ ఇప్పుడు లేడు. ద్రిస్సా ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు.

సిరాజ్ ఊరి చివర ఎవరి దుకాణంలోనో ఒక కుర్చీ అద్దెకు తీసుకుని పనిచేస్తున్నాడు. పండగకు ఆ తలపాగానే చుడతాడు. ఒక చుట్టు తక్కువ పడుతుంది. కుర్చీ ఎక్కినవాడు కునుకు తీస్తే భుజం తట్టి లేపుతాడు.

"గుండా, కత్తిరింపా? నోటితో చెప్పు నాయనా. మీ అమ్మ బతికే ఉందా?"