కొమ్మలు గట్టిన లారీ

హేమంతము ముదిరిన నాటి ప్రభాతమున నల్లమల కొండల నడిమి రాజమార్గము పాలు పొంగి పొరలినట్లు మంచుచే నిండియుండెను. ఉదయభానుని కోమలకిరణములు వెదురుపొదల శిఖరములను మాత్రము సోకి నేలకు దిగ జంకుచుండ నొక శ్వేతవర్ణపు కారు గిద్దలూరు దిక్కునకు సాగుచుండెను.

దానిని నడపుచున్నది వకుళ యను యంత్రనిపుణురాలు. చోదకు డేమఱినను ముందున్న వాహనమును దానే గుర్తించి తానే యాగు విద్యను ఆ కారునకు గఱపుటకై యామె తన యౌవనమునందలి మేలిదినములెల్ల ధారవోసియుండెను. కారు నొసట నొక కెమెరాయు ముందుభాగమున నొక రాడారును అమరియుండెను. కెమెరా రూపమును జూచి పేరు సెప్పును గాని దూరము సెప్పుటలో దడబడును. రాడారు దూరమును దప్పక చెప్పును గాని యెదుటిది వంతెనయో వాహనమో యెఱుంగదు. గ్రుడ్డివాని భుజమెక్కి కుంటివాడు దారి చూపినట్లు ఈ రెంటిని గూర్చిన నేర్పు వకుళది. అకారణముగ బండి యాగి నగుబాటు గాకుండుటకై ఈ సాక్షు లిరువురిలో కెమెరా వాహనమని పేరు సెప్పి రాడారు దాని చోటు సెప్పిననే బ్రేకు పడవలయునని యామె నియమము విధించెను. ఆ నియమమునం దామెకు గర్వము మెండు. మఱునా డామె సమ్మతించినచో నట్టి కార్లు వేలకొలది జనుల చేతికి బోవును.

మలుపు దిరిగినంతనే ప్రక్కన గూర్చుండి తెర జూచుచున్న సహోద్యోగి కోదండపాణి "ఎదుట వృక్షము" అని కెమెరా మాటను జదివెను. కదలని వస్తు వొకటి కలదని మాత్రమే రాడారు దెలిపెను. కెమెరా వాహనమని పలుకకుండుటచే కారు వేగము దగ్గింపదయ్యెను. వకుళ యా మంచులో పచ్చని కొమ్మలను జూచెను. చెడి నిలిచిన లారీ వెనుక కొమ్మలు గట్టుట యీ సీమ లారీవారి యాచారమని యామె బాల్యమున బస్సు కిటికీనుండి నేర్చినదే. నడిరోడ్డున చెట్టు మొలవదు గదా. ఆమె తానే బ్రేకు ద్రొక్కెను. కారు కీచుమని జాఱి లారీకి జేనెడు దూరమున నిలిచెను.

లారీ క్రిందనుండి నూనెచేతులతో దేకుచు వెలికివచ్చినవాడు దాని డ్రైవరు మస్తానువలి.

"అమ్మా, అందఱికి గానరావలెనని కొమ్మలు గట్టితిమి గదా, మీకు గానరాలేదా?"

"నాకు గానవచ్చెనయ్యా. నేను జేసినదానికి గానరాలేదు. తప్పు నాది."

కనబడుటకై గట్టిన కొమ్మయే యంత్రమునకు లారీని మఱుగుపఱచెను. కంచెయే చేను మేసెను. తాను ద్రొక్కకున్న నీ మనుష్యుడేమై యుండునోయని తలచి వకుళ రోడ్డు ప్రక్కన గూలబడి యేడ్చెను.

"రేపు సమ్మతి యీయకున్న సంస్థవారు కోపింతురు. పేరెఱుంగని ప్రతిదానికి నాగు బండిని జూచి జనులు నవ్వరా?" అని కోదండపాణి మెల్లగ బలికెను.

"నవ్వనిండు. సాక్షులలో నొకరు పేరు దప్పిరి గాని చోటునం దిరువురు నేకీభవించిరి. దారిలో నేదో యున్నదని యిరువురును మొఱవెట్టుచుండ పేరుకై పట్టుబట్టి కూర్చున్నది నేను."

సమ్మతి నామె యీయలేదు. సంస్థవారి యాగ్రహమును భరించి నియమమును మొదటినుండి మరల వ్రాసెను. వేసవి మొగమున ప్రయోగపు బాటపై నొక పాతలారీని నిలిపి దాని వెనుక వేపకొమ్మలు దట్టముగ గట్టించి కారు నెక్కి యామె తన పాదములు రెండును సీటుపైకి ముడుచుకొనెను. కారు తనంతట వేగము దగ్గించుకొని కొమ్మలకు దవ్వుగనే నెమ్మదిగ నిలిచెను. తెరమీద వృక్షమనియే యుండెను.

"దిద్దుదమా?" అని కోదండపాణి యడిగెను.

"తొందర లేదు. ముం దాగ నేర్చినది. పేరు నిదానముగ నేర్చుకొనును" అని వకుళ పాదములు నేల మోపెను.