మలుపు దాటేదాకా అతిథే

సర్వే చేసే ఆవిడ పదింటికి వస్తానన్నారు. అత్తయ్య ఏడింటికే తయారై కూర్చున్నారు. పెళ్ళిళ్ళకు మాత్రమే తీసే ఊదారంగు స్వెటర్ వేసుకున్నారు, మెడ దగ్గర ముత్యాల పిన్ను పెట్టుకున్నారు. చేతికర్ర కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా వాషింగ్ మెషీన్ వెనకాల దొరికింది.

"కర్ర అక్కడ పెట్టారేం, అత్తయ్యా?"

"వచ్చేవాళ్ళ కాళ్ళకి అడ్డం. అక్కడే ఉండనీ."

"ఆవిడ వచ్చేదే మీరు కర్రతో ఎలా నడుస్తున్నారో చూడ్డానికి."

"ఈ ఫుసాయెని చూడ్డానికి వస్తే నన్ను చూస్తుంది. కర్రని చూసి ఏం చేసుకుంటుంది?"

నేను కర్రను అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళి, తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచాను.

డిసెంబరులో అత్తయ్య స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తర్వాత వ్యాయామ చికిత్సకు వైద్య బీమా నూట యాభై రోజులు ఇస్తుంది. ఆ రోజులు మే నెలాఖరుకు అయిపోతాయి. తర్వాత కూడా చికిత్స సాగాలంటే వృద్ధుల సంరక్షణ బీమాలోకి మారాలి. దానికి నగర కార్యాలయం మనిషి ఇంటికొచ్చి, లేవడం, కూర్చోవడం, స్నానం అన్నీ అడిగి, చేయించి చూస్తుంది. దాన్నిబట్టి స్థాయి నిర్ణయిస్తారు. తక్కువ స్థాయి వస్తే చికిత్స వారానికి ఒక్కరోజే.

"ఒక్కరోజు ఆవిడకి చాలదండీ," అని చికిత్స చేయించే ఇవనగా అనే అతను నాతో విడిగా చెప్పాడు. "మీ ఇంటికి అరవై మూడు మెట్లు. వారానికి రెండుసార్లన్నా చేయించకపోతే, చలికాలానికి ఆవిడ కిందికి దిగడం మానేస్తారు."

నాగసాకిలో మా పేట అంతా కొండవాలే. మా ఇంటిదాకా రోడ్డు లేదు. కిందికి దిగలేని మనిషికి బజారు లేదు, స్నేహితురాళ్ళు లేరు, మామయ్య సమాధి కూడా లేదు. ఆ మాట అత్తయ్యకు నాకన్నా బాగా తెలుసు. అయినా ముత్యాల పిన్ను పెట్టుకున్నారు.

"సర్వే జరిగే ఆ ఒక్క గంటా మా పేషెంట్లందరూ ఒలింపిక్స్‌కి వెళ్తారు," అన్నాడు ఇవనగా. "మీరు రెండు వారాలు అన్నీ రాసిపెట్టండి. అత్తగారి ముందు చెప్పలేకపోతే, సర్వే ఆవిడ వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆవిడ చేతిలో పెట్టండి. కోడళ్ళందరూ చేసేది అదే."

రాశాను. పక్క మీంచి లేవడం, ఏడు నిమిషాలు. ఎడమకాలి మేజోడు, నేనే తొడిగాను. మెట్లు దిగడం, ఇరవై రెండు నిమిషాలు, ఆరుసార్లు ఆగారు. ఆ నోటుపుస్తకం రోజూ బియ్యం డబ్బా వెనకాల దాచేదాన్ని. ఈ పూట ఏప్రాన్ జేబులో ఉంది.

సర్వే ఆవిడ, హమసాకి గారు, సరిగ్గా పదింటికి చెమటతో వచ్చారు. నలభై దాటిన మనిషి. వెళ్ళిన ఇంట్లో టీ తాగకూడదని తమకు నియమం ఉందన్నారు. అత్తయ్య టీతోపాటు కాస్టెల్లా కేకు కూడా ముందు పెట్టారు.

"కుర్చీలోంచి చెయ్యి ఆనకుండా లేవగలరా?"

అత్తయ్య లేచారు. నేను ఏప్రాన్ అంచు పట్టుకున్నాను.

"ఒంటికాలి మీద నిలబడగలరా? వద్దనుకుంటే వద్దు."

నిలబడ్డారు. పెదవులు బిగిసి తెల్లబడ్డాయి.

"స్నానం?"

"నేనే చేస్తాను."

"గోళ్ళు తీసుకోవడం, మేజోళ్ళు?"

"అదేం పని. నేనే."

హమసాకి గారు రాసుకుంటూ నావైపు ఒకసారి చూశారు. అతిథి ఎదుట అత్తగారి మాట కాదనడం నాకు చేతకాదు. కేకు కత్తిని పళ్ళెం మీద తిన్నగా పెట్టాను.

ఆవిడ లేవగానే నేను ముందు గుమ్మం దగ్గరికి వెళ్ళాను. చెయ్యి జేబులోనే ఉంది. అత్తయ్య నా వెనకే వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడ్డారు.

"మెట్లదాకా వచ్చి సాగనంపుతాను."

"వద్దండీ, ఇక్కడే ఉండండి," అన్నారు హమసాకి గారు.

"మా ఇంట్లో వచ్చినవాళ్ళని గుమ్మంలో వదిలేసే అలవాటు లేదు."

పొదలు అడ్డం కనుక, మలుపు కనిపించాలంటే పదకొండు మెట్లు దిగాలి. అత్తయ్య మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకుని దిగారు. నేను రెండు మెట్లు వెనక నిలబడ్డాను. కింద మలుపు దగ్గర హమసాకి గారు ఆగి, వెనక్కి తిరిగి వంగి నమస్కరించారు. అత్తయ్యా వంగారు. నిటారుగా లేచాక మోకాలు వణకడం వెనకనుంచి నాకు కనిపించింది.

అతిథి మలుపు దాటేదాకా సాగనంపేవాళ్ళు వెనక్కి తిరగకూడదు. అతిథేమో కదలడం లేదు. అత్తయ్య మళ్ళీ వంగారు. ఆవిడా వంగారు. మూడోసారి అత్తయ్య వంగలేదు. రెండు చేతులతోనూ కమ్మీ పట్టుకుని, మెల్లగా మెట్టు మీద కూర్చుండిపోయారు.

హమసాకి గారు మెట్లెక్కి తిరిగి వచ్చారు.

"ఏమన్నా మర్చిపోయారా?" అన్నారు అత్తయ్య, కూర్చునే.

"ఒక ప్రశ్న మర్చిపోయాను. మెట్ల సంగతి అడగలేదు."

"సర్వే అయిపోయింది కదా. కాగితాలు సంచిలో పెట్టేశారు."

"మలుపు దాటలేదు కదండీ. దాటేదాకా నేను మీ అతిథినే." ఆవిడ కింది మెట్టు మీద కూర్చున్నారు. "మా అమ్మ కూడా సర్వే రోజున లిప్‌స్టిక్ వేసుకుంది. ఇక్కడినుంచి ఇంట్లోకి వెళ్ళడానికి మీకు ఎంతసేపు పడుతుంది?"

అత్తయ్య నావైపు తిరిగారు.

"యోరికో, కర్ర తీసుకురా. వాషింగ్ మెషీన్ వెనకాల ఉంది. నువ్వు రాస్తున్న పుస్తకం ఆవిడకివ్వు."

"పుస్తకమా?"

"పొద్దున్నించీ ఆ జేబు తడుముకుంటూనే ఉన్నావు. బియ్యం డబ్బా వెనకాల పెడితే నాకు తెలియదనుకున్నావా? ఈ ఇంట్లో నలభై ఏళ్ళు బియ్యం కొలిచింది నేను."

హమసాకి గారు పేజీలు తిప్పారు. అత్తయ్య మెడ చాచి చూశారు.

"పక్క మీంచి లేవడానికి ఏడు నిమిషాలని రాసింది. ఐదే."

"ఏడే, అత్తయ్యా."

"ఐదు."

"మంగళవారం ఐదు. అదీ రాశాను, చూడండి."

పదకొండు మెట్లు ఎక్కడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. హమసాకి గారు గడియారం చూస్తూ మాతోపాటే ఎక్కారు. ఈసారి అత్తయ్య గుమ్మంలోనే నిలబడి వంగారు.

నగర కార్యాలయం నుంచి ఉత్తరం జూన్ చివర వచ్చింది. సంరక్షణ అవసరమైన మొదటి స్థాయి, వారానికి రెండు రోజులు. 'సంరక్షణ అవసరం' అన్న మాట దగ్గర అత్తయ్య కళ్ళద్దాలు తీసేసి, కాగితాన్ని మడిచి మామయ్య ఫోటో కింద సొరుగులో బోర్లా పెట్టారు.

"చికిత్సకి తీసుకెళ్ళే వ్యాను కిందికి ఎన్నింటికి వస్తుంది?"

"తొమ్మిదింటికి."

"అయితే ఎనిమిదిన్నరకి బయల్దేరదాం."

"వాన పడితే చాలదు. ఎనిమిదింబావుకి."

ఆవిడ ఒప్పుకోలేదు. నేనూ తగ్గలేదు. శుక్రవారం పొద్దున్న ఎనిమిదింబావుకి వాకిట్లోకి వచ్చి చూస్తే, అత్తయ్య కర్ర పట్టుకుని అప్పటికే నాలుగో మెట్టు మీద ఉన్నారు.