బరువు చూసి కొన్న పుస్తకాలు

సిద్ధారెడ్డిని నరికిన రోజు తోరణగల్లు రోడ్డు మీద ఎర్రదుమ్ముకూ నెత్తురుకూ తేడా తెలియలేదు. ఖనిజం లారీల లోడింగ్ వంతు దగ్గర మాటామాటా పెరిగింది. దాయాది ఈరేష్ లారీ సీటు కిందనుంచి వేటకొడవలి తీశాడు. మూడు వేట్లు. మొదటిది మెడ మీద, రెండోది అడ్డం పెట్టిన చేతి మీద. మూడోది ఎక్కడ పడిందో పక్కనే నిలబడి చూసిన సిద్ధారెడ్డి తండ్రి పాపిరెడ్డి ఎవరికీ చెప్పలేదు. లోకంలో జరిగిందీ జరగనిదీ మిగతావన్నీ చెబుతాడు. సండూరు కొండ మీద చిరుతపులికి బీడీ ముట్టించానని, అది దగ్గి దగ్గి అడవి విడిచిపోయిందని తన ఊరు తారానగర్‌లో ప్రమాణం చేసి మరీ నమ్మించాడు. మూడో వేటు మాత్రం ఆయన నోట రాదు.

రెండేళ్లయింది. ఈరేష్ బెయిలు మీద తిరుగుతున్నాడు. కళ్లారా చూసిన సాక్షి పాపిరెడ్డి ఒక్కడే. వచ్చే సోమవారం బళ్లారి కోర్టులో చెప్పాల్సింది ఆయనే. హత్య జరిగిన నాటి నుంచి ఆయన ఊరు దాటితే చేతిలో ఏదీ పట్టుకోడు. పగ ఉన్న ఇంటి మగవాళ్ల పద్ధతి అది. ఎప్పుడు ఎవడు మీదపడినా ఎదుర్కోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. సంతకు పోయినా వంకాయల్ని చొక్కా లోపల కడుపుకు కట్టుకొస్తాడు. ఎన్నో నెల అని భార్య నాగలక్ష్మమ్మ ఎగతాళి చేస్తే, ఏడో నెల, ఈసారి కవలలు అంటాడు.

ఆయన దిగులు తన ప్రాణం గురించి కాదు, మనవరాలు హారతి గురించి. పదిహేనేళ్ల పిల్ల, తొమ్మిదో తరగతి. అటక మీదున్న తండ్రి వేటకొడవలిని దించి రోజూ బడి నుంచి రాగానే సానరాయి మీద నూరుతోంది. ఒక సాయంత్రం గుమ్మడికాయను ఒక్క వేటుకు రెండు చేసి, గుజ్జు కారుతున్న చీలికను వేలితో తడుముతూ అడిగింది.

"మెడ ఇంతకంటే మెత్తగా ఉంటాదా తాతా?"

చిరుతపులికి బీడీ ముట్టించిన మనిషి ఆ రెండు చెక్కలూ ఎత్తుకుపోయి పెంటదిబ్బ మీద పారేశాడు.

మర్నాడు బడికి పోయి సైన్సు మేష్టరును కలిశాడు. ఒకప్పుడు ప్రశ్నలతో ప్రాణం తీసిన పిల్ల ఇప్పుడు వెనక బెంచీలో గోడను చూస్తూ కూచుంటోందని ఆయన చెప్పాడు. నెలనెలా మంచి సైన్సు పత్రికలు తెప్పించమన్నాడు. ఆ వయసు బుర్రకు ఏదో ఒకటి నూరుకోవడానికి కావాలి, కొడవలి కాకుండా ఇంకేదైనా ఇవ్వండి అన్నాడు.

అలా పాపిరెడ్డి బళ్లారి కంటోన్మెంట్‌లో పుస్తకాల అంగడికి చేరాడు. అంగడి సాహేబు పత్రికలన్నీ ముందు పరిచాడు. ఒకదాని మీద రాకెట్టు, ఒకదాని మీద మనిషి మెదడు, ఒకదాని మీద కొలిమిలో కరుగుతున్న ఉక్కు. కన్నడంలో కొన్ని, తెలుగులో కొన్ని, ఇంగ్లీషులో కొన్ని. పాపిరెడ్డి చదివింది ఐదో తరగతి. కానీ రాయిని చేత్తో తూచి అందులో ఇనుమెంతో చెప్పగలడు. ఒక్కో పుస్తకాన్నీ అరచేతిలో ఎగరేశాడు, వాసన చూశాడు, గోటితో కాగితం గీకాడు.

"అరె రెడ్డప్పా, ఇది చదివేది. ఎత్తి చూసేకి పొట్టేలా ఏంది?" అన్నాడు సాహేబు.

"బరువుంటేనే కదప్పా లోపల సరుకుండేది."

పల్చనివన్నీ పక్కకు తోసి, నున్నటి కాగితం ఉన్న ఏడాది ప్రత్యేక సంచికలు మూడు ఏరాడు. ఒక్కోటీ ఇటుకలా ఉంది. లోపల ఏముందో తెరిచి చూడలేదు. చొక్కా ఎత్తి, మూడింటినీ కడుపు మీద పెట్టి, తువాలుతో బిగించి బస్సెక్కాడు.

తారానగర్ స్టాపులో దిగేసరికి శనివారం మిట్టమధ్యాహ్నం. ఈరేష్ బండి మీద కూచుని ఉన్నాడు.

"సోమవారం కోర్టుకు రావద్దు పెద్నాయనా. సుమ్నే, గమ్మున ఇంట్లో కూచో."

"వస్తాండా," అన్నాడు పాపిరెడ్డి.

కొడవలి లేచింది. దాని నీడకు కొండ మీద చీకటి పడిందని పాపిరెడ్డి అంటాడు. అంత లేదు గానీ, కడుపు మీద పడిన వేటుకు తలుపు విరిగిన చప్పుడైంది. పేగులు బయటికి రావాలి, రాలేదు. కొడవలి కాగితాల్లో దిగి ఇరుక్కుంది. ఈరేష్ దాన్ని లాగుతుండగానే పాపిరెడ్డి ఖాళీగా ఉన్న రెండు చేతులతో వాడి చెవులు పట్టుకుని నుదుటితో ముక్కు మీద గుద్దాడు. ముక్కు చితికింది. ఈరేష్ కొడవలి ఊడబెరికి మళ్లీ వేటు వేశాడు. ముసలాయన ఎడమ భుజం ఎముక దాకా చీలింది. ఇద్దరూ దుమ్ములో పడ్డారు. పాపిరెడ్డి వాడి బొటనవేలిని కొరికి పట్టి, కొడవలి జారేదాకా వదల్లేదు. చేతికందిన ఇనుపరాయితో మోకాలి మీద కొట్టాడు. చిప్ప పగిలినా ఆపలేదు. స్టాపులో గని కూలీల షిఫ్టు బస్సు ఆగింది. కిటికీల నిండా ముఖాలే. ఒక్కరూ దిగలేదు.

అరుపులు విని, ఒంటిపూట బడి నుంచి అప్పుడే వచ్చిన హారతి స్టాపు పక్కనే ఉన్న ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నూరిన కొడవలి చేతిలో ఉంది. ఈరేష్ లేవలేక విరిగిన కాలు ఈడ్చుకుంటూ పాకుతున్నాడు. మెడ కనిపిస్తోంది. పిల్ల రెండు చేతులా పిడి పట్టి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది, గుమ్మడికాయ ముందు నిలబడినట్టే.

ఆపడానికి పాపిరెడ్డికి ఎడమ చెయ్యి లేవడం లేదు. వద్దంటే వినదు. తూలుతూ లేచి కుడిచేత్తో తువాలు ముడి లాగాడు. నెత్తురుకు జారిపోతున్న మూడు పుస్తకాలనూ పిల్ల ఎదకేసి తోశాడు.

"పట్టుకోమ్మే. నీకే తెచ్చిన. దుమ్ములో పడతాండాయి."

సంత నుంచి వచ్చి గుమ్మంలో సంచీ అందించే గొంతు అది. ఆ గొంతుకు చిన్నప్పటి నుంచి చేతులు చాపిన పిల్ల. ఇటుకల్లాంటి పుస్తకాలు ఒక చేత ఆగవు. రెండు చేతులతో పట్టుకుంది. కొడవలి ఆమె పాదం పక్కన పడింది. పాపిరెడ్డి దాన్ని బస్సు కిందికి తన్ని, ఆ తర్వాతే స్పృహ తప్పాడు.

భుజానికి ఇరవై రెండు కుట్లు పడ్డాయి. సోమవారం కట్టుతోనే కోర్టుకు పోయి మూడో వేటు ఎక్కడ పడిందో చెప్పాడు. ఈరేష్ బెయిలు రద్దయింది. వాడి తమ్ముళ్లు ఇద్దరు ఊళ్లోనే ఉన్నారు.

హారతి మొదటి పుస్తకం ఆ చివర నుంచి ఈ చివరకు తెగిందని, రెండోది తొంభై నాలుగో పేజీ దాకా తెగిందని, మూడోదాని మీద గీత కూడా పడలేదని లెక్క తేల్చింది. కొడవలి అక్కడే ఎందుకు ఆగిందని మేష్టరును నాలుగు రోజులు పీక్కుతింది. ఐదో రోజు తాత మంచం దగ్గరికొచ్చింది.

"ఆ నున్న కాగితానికి మన్ను పూస్తారంట తాతా. అందుకే అంత బరువు. నువ్వు మన్ను కొనుక్కొచ్చినావు."

"మరి సరుకు?"

"ఉండాది. సగం తెగిపోయినాది. ఈసారి బరువు చూడొద్దు, లోపల ఏముండాదో చూసి తే."

మరుసటి నెల పాపిరెడ్డి కంటోన్మెంట్ అంగట్లో పూటంతా కూచుని, సాహేబుతో చదివించుకుని రెండు పల్చటి పత్రికలు ఏరాడు. స్టాపులో దిగితే ఈరేష్ తమ్ముడు బండి మీద కూచుని ఉన్నాడు. పాపిరెడ్డి చొక్కా ఎత్తలేదు. చేతికొకటి పట్టుకుని, వాడి ముందు నుంచే నడిచి ఇంటికొచ్చాడు.

చదునుగా ఉన్న కడుపునూ నిండుగా ఉన్న చేతులనూ గుమ్మంలో నిలబడి నాగలక్ష్మమ్మ చూసింది.

"కాన్పయిందా?" అంది.

"అయింది. కవలలే. పల్చగా ఉండారు గానీ బతుకుతారులే."